ఒరుగు అంటే దాచుకున్న కూరగాయ కాదు

మార్చి సగం దాటిందంటే చుట్టాల దగ్గర్నుంచి నాకు ఒకటే రకం ఫోన్లు. "పిన్నీ, బీరకాయ ఎండబెట్టొచ్చా?" "అత్తా, కొత్తిమీర ఎండబెట్టి పొడి కొట్టుకుంటే ఏడాదంతా ఉంటుందట కదా?" మా ఆడపడుచు కోడలైతే అడగడం మానేసి ఎండబెట్టే మిషనే కొనుక్కుంది. అయిదు ట్రేలు, వెనక ఫ్యాను, ముందు టైమరు. కొన్న కొత్తలో ఆ ఇంట్లో ఎండనిది లేదు. అరటిపండు, క్యారెట్, పాలకూర, బీట్‌రూట్, ఆఖరికి మిగిలిన పుచ్చకాయ కూడా. వరసగా సీసాలు, వాటి మీద లేబుళ్ళు. చూడ్డానికి భలే ఉన్నాయి. ఆర్నెల్ల తర్వాత కూడా అంత భలేగానే ఉన్నాయి, ఎందుకంటే ఒక్కదాని మూత కూడా ఎవరూ తీయలేదు.

ఎండబెట్టొచ్చా అన్న ప్రశ్నే నాకు నచ్చదు. నీళ్ళున్న వస్తువు ఏదైనా ఎండుతుంది. రోహిణి కార్తెలో బెజవాడలో మనుషులే ఎండిపోతున్నారు, బీరకాయ ఒక లెక్కా? అడగాల్సింది వేరే ఉంది. ఎండాక దాని రుచి మెరుగవుతుందా? పచ్చిదానితో కుదరని వంట ఏదైనా దాంతో కుదురుతుందా? కుదిరితే మేడెక్కండి. కుదరకపోతే ఆ కాయ ఈ పూటే వండుకు తినేయండి.

దాచుకోవడం కోసం ఎండబెట్టాలి అనడానికి ఒకప్పుడు గట్టి కారణమే ఉండేది. మా అమ్మమ్మ వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎండాకాలం వస్తే కాలవలు కట్టేసేవారు. దొడ్లో పాదులు మాడిపోయేవి. మళ్ళీ కాలవలకు నీళ్ళొదిలి, తొలకరి పడి, కొత్త పాదులు కాపుకొచ్చేసరికి శ్రావణమాసం. అప్పటిదాకా పప్పు, పచ్చళ్ళు, ఒరుగులు, వడియాలే దిక్కు. అలాంటి ఇంట్లో కాయ ఎండితే రుచి పెరుగుతుందా తగ్గుతుందా అని ఎవరూ కూర్చుని ఆలోచించరు. ఉన్నదాన్ని నిలవ పెట్టుకుంటారు.

ఇప్పుడా అవసరం లేదు. 1999లో రైతు బజార్లు మొదలయ్యాక, కోల్డ్ స్టోరేజీలు పెరిగాక, పై జిల్లాల నుంచి లారీలు రాత్రికి రాత్రి దిగుతున్నాక, ఏ నెలలో వెళ్ళినా మా బెజవాడ పటమట రైతు బజారులో నాలుగు రకాల కూరగాయలు తెచ్చుకోవచ్చు. ధర మండిపోవచ్చు గానీ దొరక్కపోవడం లేదు. కాబట్టి "పచ్చివి దొరకనప్పుడు పనికొస్తాయి" అంటూ క్యారెట్ ముక్కలు ఎండబెట్టడం పాత అలవాటుకి కొత్త మిషను తగిలించడమే.

దీనికి ఎదురు మాట ఒకటుంది, అది నేను కొట్టిపారేయను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో పెట్టినవన్నీ చెత్తకుప్ప పాలయ్యాయి. అలాంటప్పుడు అటక మీద డబ్బాలో ఉన్న ఎండు సరుకుకి విలువుంది. కానీ ఆ రోజు కోసమైనా నేను దాచేది తినబుద్ధయ్యే సరుకే. ఆపద వచ్చినంత మాత్రాన ఎండు పాలకూరకి రుచి రాదు.

ఇక ఎండితే బాగుపడేవాటి సంగతి. నా లెక్కలో మొదటి పీట చల్ల మిరపకాయలది. పచ్చిమిరపకాయల్లో మరీ కారం లేని, కాస్త కండ ఉన్న రకం తెచ్చుకోవాలి. కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, తొడిమ ఉంచి, మధ్యలో చిన్న గాటు పెట్టాలి. బాగా పులిసిన మజ్జిగలో ఉప్పు, కాస్త వాము వేసి అందులో నానబెట్టాలి. రెండు మూడు రోజులు అలా ఊరాక, పొద్దున మజ్జిగలోంచి తీసి ఎండలో పరవడం, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేయడం. మజ్జిగంతా కాయల్లోకి పోయేదాకా ఇదే పని. ఆ తర్వాత గలగలమనేదాకా ఎండబెట్టాలి. మా అత్తయ్య మజ్జిగ వేలితో తాకి నాలిక మీద పెట్టుకుని, "ఇంకా పులవలేదే, రేపు చూద్దాం" అని వెనక్కి పంపేసేది. నూనెలో నల్లగా వేగిన ఆ కాయ కొరికితే ముందు ఉప్పు, వెనక పులుపు, ఆఖర్న కారం. పచ్చిమిరపకాయతో ఇది ఏ జన్మలోనూ రాదు. ఇక్కడ దాచుకోవడం అన్న మాటే లేదు, ఒక కొత్త వస్తువు పుట్టింది.

గోరుచిక్కుడు కూడా అంతే. పచ్చి గోరుచిక్కుడు కూర మా ఇంట్లో పళ్ళెం అంచుకి జరిగిపోయే కూర. వాటినే లేతవి చూసి ఏరి, ఉప్పు నీళ్ళలో కాస్త మెత్తబడేదాకా ఉడికించి, వడగట్టి, ఎండలో వేస్తే సన్నటి పుల్లల్లా అయిపోతాయి. వేయిస్తే కరకరలాడతాయి. పప్పన్నంలోకి ఇవి పెడితే, పచ్చివి పక్కకి నెట్టినవాళ్ళే మళ్ళీ అడిగి పెట్టించుకుంటారు. కాకరకాయ చక్రాలు మజ్జిగలో ఊరాక చేదు తగ్గి వేరే దారి పడతాయి. దోసకాయ ఒరుగులు, వంకాయ ఒరుగులు సరేసరి. వరి కోతలయ్యాక మినుము చేలల్లో వాటంతట అవి కాసే బుడంకాయలుంటాయి. పచ్చివి చాలావరకు చేదు, వండటానికి పెద్దగా పనికిరావు. ఉప్పేసి ఎండబెట్టి వేయిస్తే దాని ముందు బజార్లో చిప్స్ ప్యాకెట్ దిగదుడుపు. ఇప్పుడవి సిటీలో దొరకడం కష్టం. ఊళ్ళో ఎవరైనా పొలం ఉన్నవాళ్ళు తెచ్చిస్తే సంచీ గట్టిగా పట్టుకుని తెచ్చుకోవడమే.

మామిడి సంగతి వేరే చెప్పాలి. మాగాయలో సగం పని ఎండదే. చెక్కు తీసి కోసిన ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి మూడు రోజులు జాడీలో ఉంచితే ఊట దిగుతుంది. ముక్కల్ని పిండి ఎండలో వేయాలి, ఊటని కూడా వెడల్పు గిన్నెలో ఎండకి పెట్టాలి. తర్వాత రెండింటినీ కలిపి, కారం, మెంతిపిండి వేసి పోపు పెట్టాలి. ముక్క మొదట తన నీళ్ళు వదులుకుంటుంది, ఎండి ముడుచుకున్నాక ఆ ఊటనే మళ్ళీ పీల్చుకుంటుంది. అందుకే ఆవకాయ ముక్క ఏడాది తిరిగేసరికి మెత్తబడ్డా మాగాయ ముక్క మాత్రం పంటి కింద సాగుతుంది. ఒట్టి మామిడి ఒరుగులు ఇంకా సులువు. ఉప్పేసి ఎండబెట్టిన ముక్కలు నాలుగు తీసి కార్తీకమాసంలో పప్పులో వేస్తే, ఆ పులుపు చింతపండు పులుపూ కాదు, పచ్చిమామిడి పులుపూ కాదు.

ఇక ఎండితే చెడేవి. కొత్తిమీర మొదటిది. దాని వాసనంతా ఇట్టే ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది. ఆకు ఎండేలోపే అది పోతుంది. సీసాలో మిగిలేది పచ్చగడ్డి పొడి. పది రూపాయలకు కట్ట దొరికే ఊళ్ళో ఆ కష్టం దేనికి? బీరకాయ, సొరకాయ, పాలకూర కూడా నా లిస్టులో లేవు. క్యారెట్ ఎండుతుంది, మళ్ళీ నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది, కానీ పచ్చి క్యారెట్ కంటే ఏ విధంగానూ మేలు కాదు. కొండలెక్కేవాళ్ళు, ట్రెక్కింగులకు వెళ్ళేవాళ్ళు బరువు తగ్గించుకోవడానికి ఎండబెట్టుకుంటారు. వాళ్ళ అవసరం వాళ్ళది. మనం ఎక్కేది ఇంద్రకీలాద్రి, పైన ప్రసాదం పెడతారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయంలో నేషనల్ సెంటర్ ఫర్ హోమ్ ఫుడ్ ప్రిజర్వేషన్ అని ఒక సంస్థ ఉంది. ఇంట్లో ఆహారం నిలవ చేసుకునేవాళ్ళకి సలహాలిస్తుంది. పళ్ళు ఎండలో ఎండబెట్టుకోండి, వాటిలో చక్కెర, పులుపు ఉంటాయి కాబట్టి భయం లేదు. కూరగాయలు మాత్రం ఆరుబయట ఎండబెట్టొద్దు, వాటిలో ఆ రెండూ తక్కువ కాబట్టి ఎండేలోపే సూక్ష్మజీవులు పట్టొచ్చు అని చెబుతుంది. ఎండబెట్టడానికి కనీసం 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలనీ అంటుంది. ఇది చదివి మా చుట్టాలమ్మాయి ఒకామె, "చూశారా, మీరంతా చేసేది డేంజర్ అట" అంది.

నేను చదివితే నాకు ఇంకోటి కనబడింది. కూరగాయలో పులుపు లేకపోవడమే సమస్య అయితే, మనవాళ్ళు వాటిని పుల్లటి మజ్జిగలో ఎందుకు ముంచారు? నీళ్ళు త్వరగా పోవడమే కావాలంటే, ముందు ఉప్పు పట్టించి ఊట దించి పిండి ఎందుకు ఎండబెట్టారు? మిరపకాయకి, కాకరకాయకి మజ్జిగ. గోరుచిక్కుడుకి ఉప్పు నీళ్ళలో ఉడుకు. గుమ్మడి ముక్కలకి ఉప్పు వేసి మూట కట్టి రాత్రంతా దాని మీద రుబ్బురాయి బరువు. ఏ కూరగాయా ఊరికే కోసి ఎండలో పడేయలేదు. ఆ సలహా చెప్పిన ప్రమాదానికి మన వంటింట్లో ముందే విరుగుడు ఉంది. వాళ్ళ సలహా తప్పు కాదు. పచ్చి కూరగాయని ఉప్పు, పులుపు, ఉడుకు ఏదీ లేకుండా కోసి ఎండలో వేసేవాళ్ళకి అది నూటికి నూరు పాళ్ళు వర్తిస్తుంది. ఇవాళ వీడియోలు చూసి చాలామంది చేస్తున్నది సరిగ్గా అదే.

దీని వెనక లెక్క కష్టమైనదేమీ కాదు. ఆహారంలో ఎన్ని నీళ్ళున్నాయి అన్నదాని కంటే, ఆ నీళ్ళలో సూక్ష్మజీవులు వాడుకోగలిగినవి ఎన్ని అన్నది ముఖ్యం. దాన్ని సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. 0.9 కిందికి దిగితే చాలా రకాల బ్యాక్టీరియా పెరగదు. 0.6 కిందికి దిగితే బూజు కూడా పట్టదు. ఎండ ఆ నీళ్ళని ఆవిరి చేసి పంపేస్తుంది. ఉప్పు, పంచదార వాటిని పట్టి ఉంచి వాడకానికి రాకుండా చేస్తాయి. పులుపు ఈలోపు కాపలా కాస్తుంది. ఉడికించడం వల్ల కాయలో రంగుని, రుచిని చెడగొట్టే ఎంజైములు ఆగిపోతాయి. దుగ్గిరాల వైపు పసుపు రైతులు కొమ్ముల్ని ఉడికించాకే ఎండబెట్టడంలో కూడా ఇదే కిటుకు. ఉడికిన కొమ్ము త్వరగా, లోపలిదాకా ఒకే రంగులో ఎండుతుంది.

వేడి ఎంత ఎక్కువుంటే అంత బాగా ఎండుతుంది అనుకోవడం కూడా సరికాదు. ఎండబెట్టడంలో సగం పైగా గాలి చేసే పనే. మనకి ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలి కొడితే ఒళ్ళు కాలుతుంది, కానీ ఆ గాలి పొడిగా ఉంటుంది. గుడ్డ మీద వడియం సాయంత్రానికే పైన పెళుసెక్కుతుంది. అదే సముద్రం వైపు గాలి తిరిగిన రోజున ఎండ అంతే ఉన్నా, చెమట ఆరదు, వడియమూ ఆరదు. ఆ రోజు కొత్తగా ఏదీ మొదలుపెట్టకూడదు. మరీ వేడి తగిలితే ఇంకో చిక్కు. పైన తోలు గట్టిపడి లోపలి తడి బయటికి రాలేక ఉండిపోతుంది. చూడ్డానికి ఎండినట్టే ఉండి డబ్బాలో బూజు పట్టేవి ఇవే. అందుకే ముక్క సన్నగా, అన్నీ ఒకే మందంగా ఉండాలి. మందం రెట్టింపు చేస్తే ఎండే సమయం రెట్టింపుతో సరిపోదు, చాలా పెరుగుతుంది. మామిడి తాండ్ర వేసేవాళ్ళు రసమంతా ఒకేసారి పోసేయకుండా పూత మీద పూత, కింది పూత ఆరాకే పై పూత వేసేది దీనికోసమే.

నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి ఎండబెట్టడం నాకసలు గిట్టదు. కింద గాలాడదు, తడి షీటుకీ ముక్కకీ మధ్యనే ఉంటుంది, మేడ మీది దుమ్మంతా అందులోనే. నులక మంచం మీద పాత పంచె పరిస్తే పైనుంచి ఎండ, కిందనుంచి గాలి. పైన దోమతెర ముక్క కప్పితే ఈగల బాధ తప్పుతుంది. సాయంత్రం నీడ పడగానే లోపలికి తెచ్చేయాలి. రాత్రి మంచు పడితే పగలంతా పోయిన తడిలో కొంత వెనక్కి వచ్చేస్తుంది.

ఎండబెట్టడం చిన్న పని అనుకునేవాళ్ళు ఒకసారి ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు చుట్టుపక్కల మిర్చి కల్లాలు చూడాలి. కోసిన పండు మిరపకాయని ముందు కుప్ప పోసి రంగు సమంగా తిరగనిస్తారు. తర్వాత పలచగా పరిచి, పొద్దునా సాయంత్రం కలబెడుతూ, రాత్రిళ్ళు పట్టలు కప్పుతూ పది పదిహేను రోజులు కాపలా కాస్తారు. కాయలో తేమ 10, 11 శాతానికి రావాలి. ఎక్కువ ఉంటే టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, బూజు పడుతుంది. మరీ తక్కువైతే కాయ పెళుసెక్కి తొక్కినప్పుడు పగిలి గింజ రాలుతుంది. మధ్యలో అకాల వాన పడితే రంగు పోయి తెల్లబడి తాలుకాయగా మారిపోతుంది. తాలుకి యార్డులో వచ్చే ధర ఏమిటో రైతునడిగితే చెబుతాడు. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు ఉన్న ఊరిలో, తరతరాలుగా ఇదే పని చేస్తున్నవాళ్ళకే ఇన్ని తిప్పలైతే, బాల్కనీలో చాట మీద వేసి ఆఫీసుకి వెళ్ళిపోతే అయిపోతుందా?

మిర్చి దగ్గర ఇంకో సంగతి ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నెమ్మదిగా, తడితడిగా ఎండిన కాయకి ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. అందులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి చేటు. మామూలుగా వండినా, వేయించినా పోదు. యూరప్ దేశాలు ఎండుమిర్చిలో కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు తీసుకోవు. అందుకని ఇంటి కారానికి నేను పొడి కొనను, కాయలే కొంటాను. తుంచితే లోపల గింజల చుట్టూ బూడిద రంగు నూగు ఉందేమో చూస్తాను. ఉంటే ఆ కాయ పారేయడమే, ఎండలో వేస్తే బాగవుతుందన్న భ్రమ వద్దు. మంచి కాయల్ని రెండు గట్టి ఎండలు ఎండబెట్టి, తొడిమలు తీసి, తాలు ఏరి, అప్పుడు కారం పట్టించుకోవాలి. ఇల్లంతా తుమ్ములే, నిజమే. అయినా సొంతంగా ఏదో ఒకటే ఎండబెడతాను అనేవాళ్ళకి నేను చెప్పేది ఈ కారం సంగతే. క్యారెట్ కాదు.

ఆకుల గురించి రెండు ముక్కలు. ఆకుని ఎండలో పెట్టకూడదు. నీడలో, గాలి ఆడే చోట పలచగా పరవాలి. మిషనైతే 35 నుంచి 45 డిగ్రీల లోపే. ఎండ తగిలితే రంగుతో పాటు విటమిన్ ఏ ఇచ్చే కెరోటిన్ కూడా పోతుంది. విటమిన్ సి ఎలా ఎండబెట్టినా చాలావరకు పోయేదే, కాబట్టి "పోషకాలు ఎక్కడికీ పోవు" అన్న ప్రకటనల్ని నమ్మక్కర్లేదు. కరివేపాకు నీడలో ఎండబెట్టి కారప్పొడిలో వేసుకోవచ్చు. పుదీనా ఫర్వాలేదు. మునగాకు పొడి ఇప్పుడు బంగారంలా అమ్ముతున్నారు. ఇంటి ముందే మునగచెట్టు ఉండి, పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు నాకు తెలుసు. ఆకులన్నిటిలోకీ నా ఓటు మాత్రం వేపపువ్వుకి, అది ఆకు కాకపోయినా. ఉగాది ముందు రాలిన పువ్వు ఏరి నీడలో ఎండబెడితే ఏడాదంతా నేతిలో వేయించుకుని మొదటి ముద్దలో తినొచ్చు, చారు పెట్టుకోవచ్చు. ఖర్చు సున్నా.

మిషన్ని నేను తిట్టడం లేదు. దాని లెక్క దానికి చెప్పాలి. పది కిలోల టమాటాలు ఎండబెడితే చేతికొచ్చేది ముప్పావు కిలో లోపే, మిగతాదంతా నీరు. కిలో నీరు ఆవిరి చేయడానికి ఇలా హీటరుతో నడిచే ఎంత గొప్ప మిషనైనా సుమారు 0.65 యూనిట్ల కంటే తక్కువలో చేయలేదు. ఆ పది కిలోలకి కనీసం ఆరు యూనిట్లు. వేడి గాలి సగం బయటికే పోతుంది కాబట్టి నిజంగా అయ్యేది దానికి రెట్టింపు అనుకోండి. మే నెలలో, ఏసీలతో కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమనే నెలలో, బయట అంత ఎండ పెట్టుకుని తలుపులేసుకుని ఈ మిషను తిప్పడం నాకు అర్థం కాదు. జులై నుంచి నవంబరు దాకా, ముసురు పట్టినప్పుడు, టమాటా కిలో అయిదు రూపాయలకి పడిపోయి రైతు దిగులు పడే వారంలో, అప్పుడు తిప్పండి. ఎండిన టమాటాకి చిక్కటి రుచి వస్తుంది, పప్పులో, చట్నీలో బ్రహ్మాండంగా ఉంటుంది. అంటే నేను మొదట చెప్పిన పరీక్షలో పాసయిన సరుకే. మేడ అసలు లేనివాళ్ళకి, పైన దుమ్ము పడే రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళకి, కొండ పక్క కోతుల బెడద ఉన్నవాళ్ళకి కూడా మిషను న్యాయమే. ఉప్పు తక్కువ వేయాలన్నా అదే మేలు, త్వరగా ఎండుతుంది కాబట్టి ఉప్పు కాపలా అంత అక్కర్లేదు.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి. ఒరుగులు, చల్ల మిరపకాయలు, వడియాలు అన్నీ ఉప్పు గనులే, పైగా నూనెలో వేయించేవి. రోజంతా కలిపి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పచ్చళ్ళ జిల్లాలో అది మధ్యాహ్నానికే దాటిపోతుంది. బీపీ ఉన్నవాళ్ళు "ఇంట్లో చేసినవి కదా" అనుకుని ధైర్యం చేయకూడదు. ఇవి నంచుకునేవి, కూరలా కలుపుకునేవి కావు. రెండు చాలు.

డబ్బాలో పెట్టేముందు ఓ వారం పది రోజులు గాజు సీసాలో మూడొంతుల్లో రెండొంతులు నింపి, రోజూ ఒకసారి కుదపాలి. బాగా ఎండిన ముక్కలు, కాస్త తడి ఉన్న ముక్కలు సర్దుకుంటాయి. సీసా లోపల ఆవిరి చుక్క కనబడితే మళ్ళీ ఎండకి. పురుగు భయం ఉంటే రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీయండి, గుడ్లు కూడా చస్తాయి. ఇంతకంటే చెప్పేదేం లేదు.

కానీ ఇదంతా చదివి మేడెక్కుదాం అనుకున్నవాళ్ళలో సగం మందికి మేడ తలుపు తాళం వేసి ఉంటుంది. విజయవాడలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకి మేడ అంటే నీళ్ళ ట్యాంకులు, డిష్ గొడుగులు, ఈ మధ్య సోలార్ పలకలు. మనుషులు అక్కర్లేదు. మా బిల్డింగులోనూ అంతే. కారణాలు అడిగితే వరసగా చెబుతారు. వాటర్‌ప్రూఫింగ్ పూత పాడవుతుంది, పిల్లలు పైకెక్కితే ప్రమాదం, మిరపకాయల ఘాటు పై ఫ్లోరువాళ్ళకి, పావురాలు చేరతాయి. ఒక పెద్దాయన అయితే "మన బిల్డింగ్ లెవెలు ఏమిటి, మంచాలేసుకుని వడియాలేమిటమ్మా" అన్నాడు. ఆయన ఇంట్లో భోజనానికి కూర్చుంటే గుమ్మడి వడియాలే ముందు ఖాళీ అవుతాయి. అవి ఎక్కడ ఎండాయో మాత్రం ఆయన ఎప్పుడూ అడగలేదు. స్వగృహ షాపువాళ్ళ మేడ మీద ఎండితే లెవెలు తగ్గదు కాబోలు.

ఆ కారణాల్లో నిజమున్నవి లేకపోలేదు. తడి సరుకు నేల మీద పరిచి, నూనె, పిండి పూతకి అంటించి వదిలేసిపోయినవాళ్ళని నేనూ చూశాను. మిరపకాయలకి వేరే వేళ పెట్టుకోవచ్చు. పిల్లల సంగతి అంటారా, తాళం వాచ్‌మన్ దగ్గరుంటే చాలు. అందుకే ఈసారి నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి ఇచ్చాను. సంక్రాంతి దాటినప్పటి నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా మేడ తెరవాలి. నేల మీద ఏదీ పరవకూడదు, మంచాలే. ఎవరి కాకుల్ని వాళ్ళే తోలుకోవాలి. సెల్ టవరు అద్దెకొస్తుందంటే ఒక్క మీటింగులో మేడ మీద చోటు ఇచ్చేసినవాళ్ళు, నాలుగు నులక మంచాల గురించి ఇంకా ఆలోచిస్తున్నారు.